చితికిన రేకులూ, చక్కెర లేని టీ

జ్ఞానప్రకాశం గారింట్లో టీ అంటే ఒక్కటే టీ. చిక్కటి పాలు, దంచిన అల్లం, గ్లాసుకి రెండు చెంచాల పంచదార. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఆయన నాలుక ఎలా చెబితే ఆ ఇంట్లో గిన్నె అలా మరగాల్సిందే. భార్య దేవకుమారి కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ, అంటే నలభై నాలుగేళ్లుగా, అదే కాచి, ఆయనకి పోశాక గిన్నెలో మిగిలింది తను తాగేది. నీకెలా ఉంటే ఇష్టం అని అడిగిన వాళ్లు లేరు. చెప్పాలని ఆవిడకీ తోచలేదు.

ఆ శనివారం పొద్దున్న మాత్రం వంటింటి గట్టు మీద నాలుగు గిన్నెలు వరసగా కూర్చున్నాయి. కోవా టీ, కొబ్బరి లౌజు టీ, చాక్లెట్ టీ, పూతరేకుల టీ. అన్నీ కోడలు ఆశాజ్యోతి తెల్లారకముందే లేచి కాచినవే.

సంగతేంటంటే, కడియంలో నర్సరీ ఉన్న లోకనాథ్ గారు, మొక్కలు కొనడానికి వచ్చేవాళ్ల కోసం గేటు పక్క గదిలో టీ కొట్టు పెట్టిద్దామనుకున్నారు. అదీ మామూలు టీ కాదు, మిఠాయి రుచుల టీలు. పదింటికి వచ్చి రుచి చూస్తానన్నారు. నచ్చితే ఆ గది ఆశాజ్యోతిది. నచ్చకపోతే సాయంత్రం ఇంకొకరింటికి వెళ్లడానికి మాటిచ్చేశారు.

"అత్తయ్యగారూ, ఇదొక్క గుక్క చూడండి."

"బాగుందమ్మా."

"మరి ఇదీ?"

"ఇదీ బాగుందమ్మా."

ఆశాజ్యోతి గరిటె కింద పెట్టేసింది. "మీరు ఏదిచ్చినా బాగుందంటారండి. మీకు ఏది నచ్చిందో ఒక్కనాడూ చెప్పరు కదా!"

దేవకుమారి నవ్వేసి ఊరుకుందిగానీ, ఆ మాట మనసులో ముల్లులా దిగింది.

వరండాలోంచి జ్ఞానప్రకాశం గారు గొంతెత్తారు. "పాయసం తాగాలనుంటే పాయసం కాచుకోవాలి. టీలో కోవా ఏంటమ్మా? ఇదేమన్నా పెళ్లి భోజనమా?"

"మీరు తాగి చూస్తే కదండీ మావయ్యగారూ తెలిసేది!"

"నేను చూడను. నాది నాకివ్వండి చాలు."

పదింటికి లోకనాథ్ గారు రానే వచ్చారు. మర్యాద తెలిసిన మనిషి, మొహాన నవ్వు చెదరకుండా కోవా టీ రెండు గుక్కలు మింగి, "కాస్త మంచినీళ్లిప్పిస్తారా?" అన్నారు. లౌజు టీ తాగి ఇంకో గ్లాసు నీళ్లడిగారు. చాక్లెట్ టీ పెదవికి తాకించి పక్కన పెట్టేశారు. ఇక మిగిలింది పూతరేకుల టీ. ఆశాజ్యోతి ఆశంతా దాని మీదే.

పాపం, పిల్ల ఏం చేసిందంటే, మరిగే టీలో డజను రేకులు తుంచి వేసేసింది. బియ్యప్పిండితో తీసిన రేకు వేడి పాలల్లో ఊరితే ఏమవుతుంది? గ్లాసులో పోస్తుంటే టీ ధారగా పడలేదు, ముద్దగా జారింది.

"గంజి!" అని జ్ఞానప్రకాశం గారు పకపకా నవ్వారు. "లోకనాథ్ గారూ, ఆవకాయ ముక్కేమన్నా తెప్పించమంటారా?"

ఆశాజ్యోతి కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. లోకనాథ్ గారు కండువా సర్దుకుని లేచారు. "ఏమీ అనుకోకమ్మా..."

"కూర్చోండి బాబూ. అయిదు నిమిషాలు." అన్నది దేవకుమారి. ఆ గొంతు అంత గట్టిగా పలుకుతుందని ఆవిడకే తెలియదు.

వంటింట్లోకెళ్లి నీళ్లు మరిగించింది. టీపొడి దండిగా వేసింది. పాలు లేవు, పంచదార లేదు. నల్లటి టీ వడగట్టి గ్లాసులో పోసింది. డబ్బా అడుగున చితికిపోయి మిగిలిన రేకులు పళ్లెంలో పరిచి, నెయ్యి చిలకరించి, బెల్లం పొడి చల్లింది.

"ముందు రేకు నోట్లో పెట్టుకోండి. అది కరిగిపోకముందే ఒక గుక్క తాగండి."

"ఏంటిది దేవకుమారీ?" జ్ఞానప్రకాశం గారు చిరాకుపడ్డారు. "కూలోళ్ల టీ పెద్దమనిషికి పెడతావా?"

"కూలోళ్ల టీయేనండి. నేనూ కూలికెళ్లినదాన్నే. ఆత్రేయపురంలో మా అమ్మ పక్కన కూర్చుని, పెళ్లి కుదిరేదాకా రేకులు తీశాను. చితికినవి మాకిచ్చేసేవారు. అవి నంజుకుంటూ ఈ టీ తాగేవాళ్లం. నాకు నచ్చిన టీ అంటే ఇదేనండి. మీ అల్లం టీ నాకు పడదు. ఏనాడూ పడలేదు."

జ్ఞానప్రకాశం గారు తన అల్లం టీ గ్లాసు వైపు చూసుకున్నారు.

లోకనాథ్ గారు ఆవిడ చెప్పినట్టే చేశారు. తీపి కరుగుతుండగా చేదు వచ్చి తగిలింది. కళ్లు మూసుకున్నారు. మళ్లీ ఒక రేకు, మళ్లీ ఒక గుక్క. పళ్లెం ఖాళీ అయ్యింది. ఈసారి నీళ్లడగలేదు.

"ఇంకో గ్లాసు పోయండమ్మా," అన్నారు. "గది మీదే."

ఆశాజ్యోతి అత్తగారిని వాటేసుకుని ఏడ్చేసింది.

"మిఠాయిని టీలో ముంచెయ్యకే పిచ్చిపిల్లా," దేవకుమారి కోడలి వీపు నిమిరింది. "కోవా అయినా, లౌజు అయినా పక్కన పెట్టు. ఎవరికెంత తీపి కావాలో వాళ్ల నోట్లో వాళ్లే కలుపుకుంటారు."

లోకనాథ్ గారు వెళ్లాక జ్ఞానప్రకాశం గారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. "ఇన్నేళ్లూ... ఒక్కసారి చెప్పకూడదా?"

"మీరొక్కసారి అడగకూడదా?"

ఆయన తల దించుకున్నారు. "నాక్కూడా కొంచెం పోస్తావా?" అన్నారు. తాగారు. మొహం చిట్లించారు. అయినా గ్లాసు ఖాళీ చేసిగానీ కింద పెట్టలేదు.

కొట్టు తెరిచిన రోజు కడియంలో జనం గేటు దాటి రోడ్డు మీదకొచ్చారు. లోపల ఆశాజ్యోతికి గ్లాసులు అందివ్వడానికి రెండు చేతులూ చాలడం లేదు. బయట పందిట్లో బోర్లించిన కుండ ముందు దేవకుమారి కూర్చుంది. చెయ్యి మరిచిపోయిందేమోనని భయం. మొదటి రేకు చిరిగింది. రెండోది మడత పడింది. మూడోసారి పిండిలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క ఊపున లాగి, అంచు పట్టి రేకు ఎత్తింది. వెలుతురులో పెడితే అవతలున్న గులాబీ మొక్కలు కనబడుతున్నాయి! చుట్టూ మూగిన జనం చప్పట్లు కొట్టారు.

కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తున్నది జ్ఞానప్రకాశం గారే. ఉత్సాహం పట్టలేక నాలుగు ఆకులు ఎక్కువే తోసేశారు.

"ఏంటండీ అది, రేకు మాడిపోతుంది! మంట తగ్గించండి!" దేవకుమారి అందరి ముందూ కసిరింది.

ఆయన గబగబా ఆకులు వెనక్కి లాగి, ఆఫీసులో పెద్ద ఇంజనీరు గారి ముందు నిలబడినట్టు నిలబడి, "అలాగేనండీ," అన్నారు.