ఐదు క్వార్కుల గర్భం

2097 నాటికి చంద్రుడి మీది కణశాస్త్ర కేంద్రంలో భోజనశాలకు రెండు తలుపులు పెట్టాల్సి వచ్చింది. ముద్దవాదులకు ఒకటి, జంటవాదులకు ఒకటి. అంతకు ముందు నెల రెండు పక్షాలూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మాటా మాటా పెరిగింది. ఎవరో విసిరిన స్టీలు గ్లాసు తగిలి ఒక పరిశోధకుడికి కన్ను పోయింది.

తగాదా పెంటాక్వార్క్ అనే కణం గురించి. మామూలు ప్రోటానులో మూడు క్వార్కులుంటే, దీనిలో నాలుగు క్వార్కులు, ఒక ప్రతిక్వార్కు. ఆ ఐదూ ఒకే ముద్దగా బిగుసుకున్నాయా, లేక రెండు చిన్న కణాలు జంటగా, వదులుగా అంటిపెట్టుకుని ఉన్నాయా? ఎనభై ఏళ్ళుగా తేలలేదు.

తేల్చడానికి పుట్టిన యంత్రమే గర్భదర్శిని. క్వార్కుల మధ్య బలాలన్నిటినీ ఉజ్జాయింపులు లేకుండా లెక్కకట్టి, కణం కడుపులో ఏముందో చెబుతుంది. దాన్ని ఇరవై రెండేళ్ళు కష్టపడి తయారుచేసింది ఇద్దరు: ముద్దవాది సుభాషిణి, జంటవాది రత్నం.

లెక్క ముగియడానికి పది నిమిషాలుందనగా రత్నం పెద్ద పానా పట్టుకుని వచ్చి తలుపు గడియపెట్టాడు.

"తప్పుకో సుభా. దీన్ని నోరు తెరవనివ్వను."

"భయమేసిందా?"

"ఎవరు ఓడినా బయట తలలు పగులుతాయి. నీకు తెలీదా?"

"ఓడిపోతానని తెలిసి నీతులు చెబుతున్నావు."

రత్నం పానా ఎత్తాడు. మొదటి దెబ్బకు యంత్రం అద్దం పగిలింది. ఆమె అతని చేతికి వేలాడింది. అతను విదిలిస్తే బల్ల అంచు నుదుటికి తగిలి, కంట్లోకి రక్తం కారింది. రత్నం మళ్ళీ పానా ఎత్తాడు. ఆమె చేతికందిన గ్యాసు సిలిండరుతో అతని తల వెనక కొట్టింది. చంద్రుడి మీద దాని బరువు ఆరోవంతే. దెబ్బ మాత్రం ఏమీ తగ్గలేదు. అతను మోకాళ్ళ మీద కూలాడు. ఆమె ఇంకోసారి కొట్టింది. మరోసారి కొట్టింది.

బయట ఎవరో తలుపు బాదుతున్నారు.

"లెక్క పూర్తయింది," అంది గర్భదర్శిని నింపాదిగా. "ఈ కణం రెండు స్థితుల మిశ్రమం. కొంత ముద్ద, కొంత జంట. రెండు వాదాలూ నిజమే. రెండూ అసంపూర్ణమే."

సుభాషిణి వంగి రత్నం మెడ మీద వేళ్ళు పెట్టి చూసింది. నాడి లేదు. తర్వాత లేచి, కంట్లోని రక్తం తుడుచుకుని, యంత్రం దగ్గరికి వచ్చింది.

"ఏది ఎక్కువ?" అని అడిగింది.