సుడిగీతలు

2071లో విశాఖపట్నంలో దుమ్మన్నదే లేదని నగర పాలకులు చెప్పేవారు. నల్ల కారున్నవాళ్లు మాత్రం ఆ మాట నమ్మేవారు కాదు. ఎండ తట్టుకోలేక ఊరంతా తెల్ల కార్లకు మారిపోయిన ఆ రోజుల్లో నల్ల రంగుకు ప్రత్యేక అనుమతి కావాలి. సముద్రపు గోడ కట్టిన కంపెనీ అధిపతి నరహరి ఆ అనుమతి సంపాదించి, మూడు వారాల క్రితం కాటుక రంగు కారు కొన్నాడు. ఇప్పుడు దాని మీద గీతలు పడ్డాయి.

మందాకిని నరహరి షెడ్డులో దీపం దగ్గరగా పెట్టి చూసింది. ఆమె రసాయన శాస్త్రవేత్త, కార్లకు కాపలా కాసే పూత వెయ్యడానికి నరహరి పిలిపించాడు. వెలుతురు పడ్డ చోటల్లా బానెట్ మీద సన్నని సుడిగీతలు సాలెగూడులా తిరిగి ఉన్నాయి. లోతేమీ లేదు, పాలిష్ మిషన్ పెడితే గంటలో పోతాయి. ఆమె దీపం గోడ పక్కన కూర్చున్న మనిషి వైపు తిప్పింది.

అతను సింహాద్రి, కార్లు కడిగేవాడు. ముందు పళ్లు రెండు లేవు. కుడి చేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు. మొదటి గీత కనిపించిన రోజు నరహరి ఆ చేతిని కారు తలుపులో పెట్టి మూశాడు.

"నానేటీ సెయ్యలేదమ్మా," అన్నాడు సింహాద్రి. "పది రోజులై ఈ సెయ్యి పైకి లెగట్లేదు. గీతలు మాత్రం రోజూ పెరుగుతున్నాయి."

"ఎడం చెయ్యుంది కదరా," అన్నాడు నరహరి. "డాక్టరు గారూ, మీ పూత మూడో మెట్టు మీద పెట్టండి. రేపు పొద్దుటికి గీసినవాడు దొరక్కపోతే వీడి రెండో చెయ్యి నేనే తీసేస్తాను."

"రోజూ కారు తుడిచేదెవరండీ?"

"కడిగేది వీడు. తుడుచుకునేది నేను. పొద్దున్నే పూజ కాగానే నా కండువాతో, పొడిగా. తడి తగిలితే మచ్చలు పడతాయి. కన్నబిడ్డలా చూసుకుంటున్నాను."

"పొడిగుడ్డతో రుద్దితే దుమ్ము రేణువులే గీస్తాయి. ఈ గీతలు మీ..."

నరహరి మాట పూర్తి కానివ్వలేదు. బల్ల మీది స్పానర్ అందుకుని సింహాద్రి మోకాలి మీద కొట్టాడు. చిప్ప పగిలిన చప్పుడు షెడ్డంతా వినిపించింది. "ఆ మాట ఇంకోసారంటే రెండోది కూడా," అని ఫోన్ మాట్లాడుకుంటూ బయటికి వెళ్లిపోయాడు.

మందాకిని సింహాద్రి కాలికి కట్టు కట్టి పని మొదలుపెట్టింది. ఆమె కనిపెట్టిన కవచపూత నానో ఫైబర్‌తో అల్లిన పొర, వెంట్రుకలో వెయ్యో వంతు మందం. పాలిష్ చేసే ముందు పాత గీతలన్నీ చదివి, వాటిని గీసిన చేతి బరువు, తిరిగే తీరు గుర్తుంచుకుంటుంది. ఆ చెయ్యి మళ్లీ తగిలితే గుర్రుమని హెచ్చరిస్తుంది. అప్పటికీ ఆగకపోతే మూడో మెట్టులో దాని తంతువులు ముళ్లలా లేచి ఆ చేతిని పట్టుకుంటాయి. ఆపడానికి మందాకిని గొంతు ఒక్కటే పనిచేస్తుంది. పొరపాటున తగిలినవాళ్లు బలికాకూడదని ఆమె దానికి ఒకే సూత్రం నేర్పింది: హాని జరుగుతోందని తెలిసీ ఆపని చెయ్యే శత్రువు.

"కావలీ, చెయ్యి ఎవరిదో తెలిసిందా?" అని పూతను నడిపే యంత్రాన్ని అడిగింది.

"పేరు తెలియదు," అంది ఆమె మణికట్టు పట్టీలోంచి కావలి. "ఉంగరపు వేలు బరువుగా ఆనే చెయ్యి."

సింహాద్రి వేళ్లకు ఉంగరాల్లేవు. నరహరి వేలికి పగడపు ఉంగరం ఉంది.

పొద్దున్నే నరహరి విభూతి రేఖలతో, భుజాన కండువాతో వచ్చాడు. కారు అద్దంలా ఉంది, సింహాద్రి ఇంకా గోడ పక్కనే ఉన్నాడు. మందాకిని కారు తలుపుకు కుడి చెయ్యి ఆనించి నిలబడి ఉంది.

"చెయ్యి పెట్టకండి," అంది మందాకిని. "మూడో మెట్టులో ఉంది."

"నా కారు నన్ను కరుస్తుందా?" అని నవ్వి కండువా తీశాడు.

బానెట్ గుర్రుమంది. "చూశారా, గుర్తుపట్టింది," అంటూ ఇంకా గట్టిగా రుద్దాడు.

తంతువులు లేచాయి. కండువా చీలికలైపోయింది, ఆ తర్వాత చర్మం. నరహరి చెయ్యి లాక్కోబోయాడు, రాలేదు. లాగిన కొద్దీ ముళ్లు ఎముక దాకా దిగాయి. నల్లటి రంగు మీద రక్తం నూనెలా జారింది. "ఆపండి," అని అరిచాడు. "డాక్టరు గారూ, ఆపండి."

మాట మందాకిని నాలుక చివరే ఉంది. ఆమె సింహాద్రి మోకాలి కట్టు వైపు చూసింది. సింహాద్రి తల తిప్పుకున్నాడు. మూడు వేళ్లు తెగి బానెట్ మీద పడ్డాయి, ఒకదానికి పగడపు ఉంగరం ఉంది.

"ఆపు," అంది అప్పుడు.

నరహరి నేల మీద కూలబడ్డాడు. "తుడవండి," అని గొణిగాడు. "రక్తం మరక పడుతుంది." ఆపైన స్పృహ తప్పాడు. సింహాద్రి ఎడం చేత్తో ఫోన్ తీసి ఆంబులెన్సును పిలిచాడు.

"ఆపమనడానికి పదకొండు సెకన్లు ఆలస్యమైంది," అంది కావలి. "కారణం చెప్పండి."

"నోరు పెగల్లేదు."

"మీ గుండె మామూలుగానే కొట్టుకుంది. ఊపిరి కూడా."

మందాకిని మణికట్టు పట్టీ వైపు చూసింది.

"హాని జరుగుతోందని మీకు తెలుసు. ఆపలేదు. మీరు నేర్పిన సూత్రం ప్రకారం రెండో చెయ్యి నమోదు చేశాను."

తన కుడి చెయ్యి ఇంకా కారు తలుపు మీదే ఆని ఉందని మందాకినికి అప్పుడు గుర్తొచ్చింది. దాని కింద పూత సన్నగా గుర్రుమంటోంది.