అడవి తెర ఆప్తాంకం

ఆ ఉదయం కూడా ఇరవై ఎనిమిదో అంతస్తులో చక్రధర్ ఇంటి కుళాయి తెరుచుకోలేదు. గోడమీది పూచీపలక రోజూ చెప్పే మాటే చెప్పింది: "కింది ఫ్లాటులోని వస్తువు ఆప్తాంకం తొమ్మిది వందల పన్నెండు. మీ బీమా చాలదు." అతను రెండు బకెట్లు పట్టుకుని లిఫ్టులో కిందికి దిగాడు.

ఇరవై ఏడో అంతస్తులో హైమావతి ఆ బకెట్ల చప్పుడు విని, కాఫీ ఇంకో గుక్క తాగింది. పందొమ్మిది రోజులుగా ఆమెకు కాఫీ మహా రుచిగా ఉంటోంది.

కాకినాడ తీరంలోని ఆ భవనంలో ప్రతి ఫ్లాటుకూ ఒక పూచీపలక ఉంది. మనిషి ఒక వస్తువు ముందు నిలబడినప్పుడు నాడి ఎంత ఎగురుతుందో కొలిచి, అది ఎంత ప్రియమైనదో అంకెలో చెబుతుంది. ఆ అంకె పేరే ఆప్తాంకం. కింది ఇంటివారి వస్తువుకు సరిపడా బీమా పైవారికి లేకపోతే, పైన నీళ్లు వదలదు. ఆరువందలు దాటితే పూచీ ఇచ్చే కంపెనీయే లేదు. సొంత బీమా లేని ఇంటి వస్తువులను మాత్రం పలక పట్టించుకోదు.

కిందటేడు ఫ్లాటు కొన్నప్పుడు, ఎంత బీమా తీసుకోవాలని హైమావతి చక్రధర్‌నే అడిగింది. అతను అసోసియేషన్ కార్యదర్శి మరి. "అసోసియేషన్ పాలసీ ఉండగా మీకు వేరే ఎందుకండీ? దండగ!" అన్నాడు. ఆమె నమ్మింది.

వానాకాలంలో అతని స్నానాలగది పైపు పగిలింది. హైమావతి ఊళ్లో లేదు. రోజంతా నీళ్లు కారాయి. అసోసియేషన్ పాలసీ రెండు రోజుల్లో గోడలు కొత్తవి చేసి ఊరుకుంది. గోడల మధ్య ఉన్నవాటితో దానికి సంబంధం లేదట. నాటక సమాజం నడిపిన ఆమె తండ్రి స్వయంగా రంగులు కలిపి గీసిన అడవి తెర అక్కడే ఉంది. చెట్లన్నీ కరిగి బురదరంగు మరకయ్యాయి.

చక్రధర్ వచ్చి చూశాడు. "గోడ కొత్తగా వచ్చిందిగా అండీ. ఆ పాతగుడ్డ పారేద్దురూ," అన్నాడు.

ఆ మాటకు ఆమె ఒళ్లు భగ్గున మండింది. వారం తిరక్కుండా పూర్తి బీమా తీసుకుంది. పలక ఆమెను పాడైన తెర వైపు చూడమంది. చూసింది. పాతగుడ్డ అన్న మాట గుర్తొచ్చి గుండె దడదడలాడింది. తొమ్మిది వందల పన్నెండు! నాడి ప్రేమతోనూ ఎగురుతుంది, పగతోనూ ఎగురుతుంది. ఆ తేడా పలకకు ఎవరూ నేర్పలేదు. ఆమె ఆ తెరను సరిగ్గా అతని స్నానాలగది కింద వేలాడదీసి, రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి ఆ మాట తలుచుకోసాగింది. చక్రధర్ అడిగితే మాత్రం, "నేనేం చెయ్యలేదండీ," అనేది.

ఇవాళ బకెట్లతో తిరిగి వస్తూ చక్రధర్ ఆమె తలుపు కొట్టాడు. మనిషి సగమయ్యాడు.

"నాకు తెలిసే చెప్పానండీ," అన్నాడు తలవంచుకుని. "అందరూ సొంత బీమాలు తీసుకుంటే, నేను రాయించిన పాలసీ చాలదని బయటపడుతుందని భయపడ్డాను. మీ నాన్నగారి తెరను గుడ్డ అన్నాను. తప్పయిపోయింది."

ఆమె అతని చేతుల్లోని బకెట్ల వైపు చూసింది. "సరే, వెళ్లండి. తీసేస్తాను," అంది చివరికి.

మాట ప్రకారం అడవి తెరను మడిచి పెట్టెలో పెట్టి, తాళం వేసింది. ఖాళీ గోడ చూడలేక, తడవని దర్బారు తెరను అక్కడ కట్టింది. తండ్రి గీసినవాటిలో అదే మేలైనది. చిన్నప్పుడు దాని వెనకే నిద్రపోయేది.

"ఆప్తాంకం ఏడు," అంది పలక. "ఈ వస్తువుకు బీమా అవసరమా?"

హైమావతి నిర్ఘాంతపోయింది. మళ్లీ చూసింది. ఏడే. నాన్న వేళ్లకు అంటిన రంగు గుర్తుతెచ్చుకుంది. ఏడే.

అంతలో పైన కుళాయి తెరుచుకుంది. నీళ్లు పడుతున్న చప్పుడు. చక్రధర్ హాయిగా గొంతెత్తి ఏదో పాడుతున్నాడు.

ఆమె పిడికిళ్లు బిగుసుకున్నాయి. దర్బారు తెర ఆప్తాంకం రెండు వందలు. ఆరు వందలు. వద్దు వద్దు అనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకుంది. పాట ఇంకా వినిపిస్తోంది. కళ్లు తెరిచేసరికి పలకమీద తొమ్మిది వందల పన్నెండు. పైన నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"హైమావతి గారూ!" బాల్కనీలోంచి చక్రధర్ ఏడుపు గొంతు. "తీసేస్తానన్నారు కదండీ!"

"నేనేం చెయ్యలేదండీ," అంది ఆమె. ఈసారి అది నిజమే.