అత్తగారు పెంచిన పువ్వులు

ఆ పొద్దున కూడా అత్తగారు కాఫీ కప్పుతో హాల్లో మూలకు వెళ్లి, అక్వేరియం అద్దానికి ముక్కు ఆనించి పువ్వులు లెక్కపెట్టింది. నిన్న పద్నాలుగు ఉన్నాయి. ఇవాళ పదకొండే ఉన్నాయి.

పదేళ్లుగా ఆవిడ ఆ ఉప్పునీటి తొట్టె జోలికి వెళ్లలేదు. "మా సవతి" అని పేరు పెట్టి, వచ్చినవాళ్లందరికీ అలాగే చూపించేది. భర్త గుండె ఆపరేషనుకి ఆస్పత్రిలో చేరుతూ కోరింది మాత్రం ఒక్కటే. "నా పగడాన్ని చచ్చిపోనివ్వకు." గోరంత ముక్క తెచ్చి అరచేయంత పెంచిన ఊదారంగు పగడం అది. మాట ఇచ్చాక తప్పుతుందా? సవతికి సేవలు మొదలయ్యాయి.

నాలుగో రోజున పగడం పక్కన రాతి మీద సన్నటి గోధుమరంగు పువ్వు ఒకటి విచ్చుకుంది. ఆవిడ సంబరం అంతా ఇంతా కాదు. ఆయన పదేళ్లలో పూయించలేనిది తన చేతి చలవకి నాలుగు రోజుల్లో పూసింది మరి. మేత దగ్గరుండి తినిపించింది. కుండీల్లో మొక్కకి అంటు కట్టినట్టు, కత్తెరతో ఆ పువ్వులోంచి ఓ ముక్క కోసి వెనక రాతి సందులో నాటింది. ఎక్కడ ముక్క పడితే అక్కడ కొత్తది లేచింది. వాటి ఫొటోలు ఆయనకీ, చుట్టాలందరికీ వెళ్లాయి.

సరిగ్గా అప్పటినుంచే పువ్వులు తగ్గడం మొదలైంది. దానికి తోడు ఊదా పగడం ఓ పక్క తెల్లబడుతోంది. చెత్తబుట్టలో పిండేసిన నిమ్మచెక్కలు. చెంచాల పెట్టెలో సూది ఉన్న సిరంజి. కోడలు పనిచేసేది రక్తపరీక్షల ల్యాబులో, దానికి సిరంజిలు కొదవా? పైగా వంటింట్లోంచి ఫోన్లో గుసగుసలు. "ఆ మూల ఖాళీ అయితే నా టేబులు పడుతుంది అత్తయ్యా" అని కోడలు ఆ మధ్య నవ్వుతూ అన్న మాట ఇప్పుడు ఆవిడకి నవ్వులాటలా తోచలేదు.

"కూరలకి వెళ్లొస్తానే" అని సంచీ తీసుకుని బయటపడింది. ఐదు నిమిషాల్లో పిల్లిలా వెనక్కి వచ్చి తలుపు వారగా నిలబడింది. నీళ్లు తిప్పే మోటారు ఆగిపోయి ఉంది. కోడలు మోచేతిదాకా చెయ్యి నీళ్లలో పెట్టి, ఓ పువ్వు నడిబొడ్డున సూది దించుతోంది. పువ్వు ముడుచుకుపోయింది.

"ఏం చేస్తున్నావ్?"

కోడలి చెయ్యి నీళ్లలోనే ఆగిపోయింది. "మీరు మార్కెట్‌కి..."

"వెళ్లాననుకున్నావ్. టేబులుకి ఆ మూల కావాలంటే నోరు తెరిచి అడగొచ్చుగా. ఆయన మంచంలో ఉండగా ఆయన పెంచుకున్నదానికి విషం ఎక్కిస్తావా?"

"విషం కాదత్తయ్యా, నిమ్మరసం."

"నిమ్మరసం గ్లాసులో పోస్తారు, సూదితో పొడవరు. ఆ గుసగుసలు ఎవరితో? మా వాడితోనా?"

కోడలు సూదితో సహా చెయ్యి బయటికి తీసింది. అంతలో బల్ల మీద దాని ఫోను మోగింది. ఎవరని కూడా చూడకుండా అత్తగారు దాన్ని లాక్కుని స్పీకరు నొక్కింది.

"ఏమ్మా, మీ అత్త బయటికెళ్లిందా?" అంది భర్త గొంతు. "ఇవాళ ఎన్ని తీశావ్?"

ఆవిడ ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"తొందరేం లేదు, రోజుకి రెండు మూడు చాలు. పగడం సగం పోయినా పర్లేదు. ఆవిడకి మాత్రం తెలియనివ్వకు. పదేళ్లలో మీ అత్త ఆ తొట్టె ముందు కూర్చోవడం ఇదే మొదలమ్మా. అది కలుపని తెలిస్తే మళ్లీ ఆ వైపు చూడదు."

"కోడలు కాదు, నేను" అంది ఆవిడ మెల్లగా. "అవి పువ్వులు కావా?"

"కావు. పువ్వులా కనిపించే సముద్రజీవి. పక్కనున్న పగడాన్ని కుట్టి చంపుతుంది. కోస్తే ప్రతి ముక్కా మళ్లీ మొలుస్తుంది, సూదితో నిమ్మరసం ఎక్కిస్తేనే చస్తుంది."

"నేను కత్తెరతో కోశాను."

"తెలుసు. ఫొటోలో కత్తెర కూడా పడింది."

"నవ్వకండి, కుట్లు తెగుతాయి" అంటూ ఆవిడ ఫోను పెట్టేసింది. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. చేతికి చిక్కిందల్లా కోడలి మీద నేరంగా పేర్చింది, ఆ పిల్లేమో తన సంతోషాన్నే కాపాడుతూ కూర్చుంది.

"నాకొక్క ముక్క చెప్పొచ్చుగా, పిచ్చిదానా."

"చుట్టాలందరికీ ఫొటోలు పంపారు. ఎలా చెప్పను?"

అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని, చేతిగాజులు పైకి తోసుకుంది. "సూది ఇలా తే. వెనక సందులో నాటినవి ఎక్కడున్నాయో నీకు తెలియదు, నాకు తెలుసు."

ఆదివారం ఆయన మెల్లగా అడుగులేస్తూ ఇంటికి వచ్చాడు. పగడం ఓ పక్క ఇంకా తెల్లగానే ఉంది. దాని వైపు చూడబోయి ఆగిపోయాడు. అక్వేరియం ముందు ఎప్పుడూ ఉండే కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది.

"కలుపు పోయిందిగా" అన్నాడు కూర్చుంటూ. "ఇంకేం చూస్తావ్?"

"మీ సొత్తే చూస్తా" అంది ఆవిడ రెండో కుర్చీ దగ్గరకు లాక్కుని. "ఆ ఊదాది రోజుకి ఎన్నిసార్లు తింటుందో చెప్పండి ముందు."