ఐవరీయా, హాఫ్ వైటా?

పుంగనూరులో నాగవేణి ఇంటి హాలు గోడ మీద పెయింటర్ ముక్తియార్ రెండు రంగులు పక్కపక్కన శాంపిల్ వేసి వారం కావస్తోంది. ఎడమ పక్క ఐవరీ, కుడి పక్క హాఫ్ వైట్. పొద్దున చూస్తే ఐవరీ బాగుంటుంది, మధ్యాహ్నం చూస్తే హాఫ్ వైట్. సాయంత్రానికి రెండూ ఒకటే అయిపోయి, ఆమెకు తలనొప్పి మిగులుతుంది.

"ఏదో ఒకటి తేల్చమ్మా. రేపట్నుంచి నాకు పలమనేరులో పనుండాది. రాత్రికల్లా ఫోన్ చెయ్యి," అని విసుక్కుంటూ వెళ్ళాడు ముక్తియార్.

"రెండూ తెలుపే గదా. దీనికింత రామాయణం యాల?" అన్నాడు మొగుడు ఉమాపతి.

నాగవేణికి ఒళ్ళు మండింది. కాపరానికొచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్క గోడకూ ఆమె చెప్పిన రంగు పడలేదు. అత్త చిన్నక్క ఉన్నన్నాళ్ళూ నీలిమందు కలిపిన సున్నమే. పలచగా ఉందని కోడలు నోరెత్తితే, "తడి మీద సూసి సెప్పకూడదు. ఎండనీ, అప్పుడు సూడు," అనేది. ఆరేకొద్దీ గోడ తెల్లబడేది, అత్త మాటే నెగ్గేది. ఆమె పోయి ఏడాది తిరగలేదు. సంవత్సరీకం కాకుండా గోడలు గీకించొద్దని పెద్దలు చెప్పినా నాగవేణి వినలేదు. ఈ ఒక్కటైనా తన ఇష్టప్రకారం జరగాలని పంతం పట్టింది.

పొద్దు గూకింది. కరెంటు పోయింది. ఉమాపతి పెరట్లో ఆవుకు మేత వేస్తున్నాడు. ఆఖరుసారి చూసి తేల్చేద్దామని నాగవేణి ఫోను లైటు వేసి హాల్లోకి వచ్చింది.

తడి సున్నం వాసన.

ఇంట్లో సున్నమే లేదు. గీకిన పొడి కూడా నిన్ననే ఊడ్చి పారబోసింది. లైటు గోడ మీదికి జరిపింది. ఐవరీ... హాఫ్ వైట్... రెండింటి మధ్యలో ఇంకొకటి. అరచేయంత వెడల్పున, బూడిద రంగులో, తడితడిగా.

చూస్తుండగానే అది అంచుల నుంచి తెల్లబడుతోంది. ఆరుతోంది. అంటే... ఇప్పుడే పూశారు.

చెవి పక్కనే గుసగుస. "ఎండనీ... అప్పుడు సూడు."

భయం కన్నా ముందు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. చచ్చినా వదలవా అనుకుంది. ఐవరీ అని గట్టిగా అనేస్తే చాలు, పీడా పోతుంది. నోరు తెరిచింది.

"ఉమప్పా... సున్నం తీసకరా నాయనా."

ఆ మాట ఆమె నోట్లోంచే వచ్చింది. అతన్ని ఉమప్పా అని పిలిచేది చిన్నక్క ఒక్కతే.

పెరట్లో బకెట్టు చప్పుడు ఆగింది.

"వస్తాండానమ్మా," అన్నాడు ఉమాపతి, తల్లి బతికున్నప్పుడు అన్నట్టే.

ఫోను జారింది. దాన్ని పట్టుకోబోతే వెలుతురు నాగవేణి కుడి అరచేతికి అంటిన తడి సున్నం మీద పడింది. అది కూడా మెల్లగా తెల్లబడుతోంది...