కుడి పైట మీద తుపాకి

శుక్రవారం తలంటు. చింతాద్రిపేటలోని ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ కుముదిని తలకు నూనె పెట్టేది అత్తగారే. కోడలి తల ఇంకొకరి చేతికిస్తే తన పెత్తనం పోతుందని వరదలక్ష్మమ్మకు భయం. కొన్ని వారాలుగా ఏదో సాకుతో తలంటు తప్పించుకుంటున్న కోడలు, ఆ వేళ పీట మీద కూర్చుని కూడా ఎందుకో పైట తియ్యకుండా ముడుచుకుపోయింది. ఇదేం కొత్త సిగ్గని అత్తగారు కసురుకుంటూ పైట లాగేసింది... లాగి, నూనె గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. కుడి భుజం కింద, దండచేతి మీద, అరచేతి వెడల్పున నల్లగా కమిలిపోయి ఉంది! అంచుల్లో పచ్చగా మారిన పాత దెబ్బ, దాని మీదే కొత్తది.

తలుపు తగిలిందని కుముదిని గొణిగింది. వరదలక్ష్మమ్మ అలాంటి మాటలు నమ్మే వయసు దాటి చాలా కాలమైంది. నూనె చేతులతోనే ముందరింట్లోకి నడిచి, హార్బరు ఆఫీసుకు బయల్దేరుతూ బూట్లు తొడుక్కుంటున్న కొడుకు ఎదుట నిలబడింది.

"నువ్వేనా రా, దాన్ని కొట్టింది?"

భాష్యం తల్లిని చూశాడు. తల్లి వెనక, నిజం చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలుతున్న భార్యను చూశాడు. దారిలో చీమల బారు కనబడితే చుట్టు తిరిగిపోయే మనిషి! బూటు తాడు కట్టుకుంటూ తల దించుకున్నాడు.

"అవునమ్మా," అన్నాడు.

ఆ మాట మీద వరదలక్ష్మమ్మ కొడుకుతో పలకడం మానేసింది. మధ్యాహ్నం గుడ్డ మూట పెనం మీద వెచ్చజేసి తెచ్చి కోడలి దండకు కాపడం పెట్టింది. "ఓర్చుకో తల్లీ," అంది. "ఈ ఇంట్లో ఆడోళ్ళం ఓర్చుకున్నోళ్ళమే. మచ్చ పోతాది, మొగోడి కోపమూ పోతాది. బయట మాత్రం పొక్కనీబాక." కుముదిని గోడవైపు తిరిగి కుమిలి కుమిలి ఏడ్చింది. నొప్పికి కాదు... చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని ఆఫీసుకు పోయిన భర్త కోసం!

అసలు సంగతి వేరు. మద్రాసు మాదంటే మాదని ఊరేగింపులు తీసిన తెలుగువాళ్ళూ అరవవాళ్ళూ ఇళ్ళకు చేరి, ఊరు చల్లబడిన రోజులవి. దొరలు పోయినా దొరల సరదాలు పోలేదు. పల్లావరం గుట్టల కింద కొందరు ఆఫీసర్లు తుపాకి క్లబ్బు పెట్టుకున్నారు. అక్కడ కాల్చేది ప్రాణమున్న పిట్టను కాదు, కాఫీ సాసరంత మట్టి బిళ్ళను. గుంటలో కూర్చున్న మనిషి దాన్ని స్ప్రింగు మిషను మీద పెట్టి ఉంటాడు. కాల్చేవాళ్ళు "పుల్" అని కేక వెయ్యగానే మీట లాగుతాడు, బిళ్ళ రివ్వున ఆకాశంలోకి లేస్తుంది. అది నేలకు దిగేలోగా పగలగొట్టాలి. దాన్ని అందరూ పిట్ట అనే అంటారు. పై ఆఫీసరు మాట కాదనలేక చేరిన భాష్యం, తుపాకి పేలకముందే కళ్ళు రెండూ మూసుకునేవాడు. అతని పిట్టలన్నీ క్షేమంగా గడ్డిలోకి దిగేవి.

అక్కడ నేర్పేది వరదలక్ష్మమ్మ తమ్ముడు సూర్యనారాయణే, అడవి శాఖలో చేసి రిటైరైనవాడు. ఒక ఆదివారం భర్త వెంట ఎలక్ట్రిక్ రైల్లో షికారుగా వచ్చిన కుముదిని చేతికి ఆయన నవ్వులాటగా తుపాకి ఇచ్చాడు. మొదట ఆమెకు గొంతే పెగల్లేదు! అత్తవారింట గట్టిగా మాట్లాడి ఎరగని పిల్ల. తన పెదాలకే వినిపించేటట్టు "పుల్" అంది. గుంటలో మనిషి కదల్లేదు. "నువ్వు పిలవకపోతే పిట్ట రాదమ్మణ్ణీ," అన్నాడు సూర్యనారాయణ. కళ్ళు మూసుకుని అరిచింది. పిట్ట లేచింది, పోయింది. తుపాకిని చూడొద్దు, పిట్టను చూడమన్నాడాయన. కళ్ళు రెండూ తెరిచే ఉంచమన్నాడు, చెంప తుపాకి వెనకవైపు కట్టెకు ఆనించమన్నాడు, పిట్ట ఉన్నచోట కాక పోబోయే చోట కాల్చమన్నాడు, పేలిన తరవాత కూడా చెయ్యి ఆపొద్దన్నాడు. ఎన్నో పోయాక ఒకటి నల్లటి పొడిగా మారి గాలిలో కలిసింది. కుముదిని నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఆమె పిలిస్తే వచ్చింది, ఆమె చేతి దెబ్బకే పగిలింది... పుట్టి బుద్ధెరిగాక అలాంటిది ఆమెకు ఒక్కటీ జరగలేదు!

ఇక ఆదివారమంటే అదే. ఇంట్లో మాత్రం మైలాపూరు కోవెలకని చెప్పేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు భాష్యం పార్కు స్టేషను బయట కుంకుమ పొట్లం కొనేవాడు. పాపం, వరదలక్ష్మమ్మ దాన్ని కళ్ళకద్దుకుని దేవుడి పటం ముందు పెట్టేది.

మరి ఆ దెబ్బ ఎందుకు తగిలిందంటారా? ఆ ఇంటి కోడళ్ళది కుడి పైట. అందరూ కొంగు ఎడమ భుజం మీద వేసుకుంటే వీళ్ళు కుడి మీద వేసుకుంటారు. బజారులో చూసి ఫలానా ఇంటి పడుచని చెప్పేస్తారు. భుజం గూట్లో కుదరాల్సిన తుపాకి మడమ, అంటే దాని వెనక కొస, ఆ మడతల మీద నిలవక, జారి దండ మీదికి వచ్చేది. పేలిన ప్రతిసారీ దెబ్బ అక్కడే. పైట ఎడమకు మార్చుకోమని సూర్యనారాయణ చెప్పి చెప్పి విసిగిపోయాడు. కుముదిని వినలేదు. అబద్ధం చెప్పి వచ్చిందే చాలదూ, ఇంటి గుర్తు కూడా తీసేసి ఇక ఏ మొహంతో అత్త ముందు నిలబడేది?

శనివారం భాష్యానికి ఆకు వేసి, అన్నం పెట్టి, తల్లి మాటలేకుండా వెళ్ళిపోయింది. అతను ఖాళీ వంటింటి వైపు చూసి మజ్జిగ అడిగి, జవాబు రాక చెయ్యి కడుక్కున్నాడు. కుముదిని ఇక తట్టుకోలేకపోయింది. భర్త వద్దంటున్నా అత్త దగ్గరికి వెళ్ళింది.

"ఆయన నన్ను కొట్టలేదత్తా. ఇది తుపాకి దెబ్బ. కాల్చింది నేనే."

అన్నీ చెప్పేసింది. పల్లావరం సంగతి, కోవెల పేరు చెప్పి ఆడిన అబద్ధాలు, రేపు కొత్తగా నేర్చుకున్నవాళ్ళకు పోటీ ఉందని, అందులో తనూ నిలబడుతున్నానని. వరదలక్ష్మమ్మ ముందు నమ్మలేదు. నమ్మాక ఆమె ముఖం మాడిపోయింది.

"మొగుడు కొట్టినాడంటే కడుపులో పెట్టుకుంటిని. ఇదేందే? మొగోళ్ళ మధ్యన నిలబడి కేకలు పెట్టి తుపాకి కాల్చేదా? రేపు ఆడికి పోయినావంటే మళ్ళా ఈ గడప తొక్కబాక."

కుముదిని కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. గొంతు మాత్రం వణకలేదు. "ఒకే మచ్చత్తా. ఆయన చేసినాడనుకున్నప్పుడు కాపడం పెట్టి ఓర్చుకోమన్నారు. నాకై నేను చేసుకున్నానంటే గడప తొక్కొద్దంటా ఉండారు. దెబ్బలు తిన్న కోడలికి ఈడ చోటుండాది, తుపాకి పట్టిన కోడలికి లేదా? నేను రేపు పోతా. మళ్ళీ ఈ ఇంటికే వస్తా. తలుపు తీసేదీ తియ్యనిదీ మీ ఇష్టం."

భాష్యం తల్లి ముందు ఎన్నడూ గొంతు పెంచినవాడు కాదు. ఆ రోజు పెంచాడు. "పైట మార్చుకునుంటే ఆ దెబ్బే తగిలేది కాదమ్మా. మామ ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నీ ఇంటి ఆచారం కోసమే ఒళ్ళు కమలగొట్టుకునింది."

వరదలక్ష్మమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఆదివారం తెల్లవారుతూనే కుముదిని స్నానం చేసి చీర కట్టుకుంది. అలవాటు కొద్దీ చేతులు కొంగును కుడికి తీసుకుపోయాయి. ఆగింది. ఎడమకు వేసుకుంది. ముందరింట్లోకి వచ్చేసరికి అత్తగారు గడప మీదే కూర్చుని ఉంది! దాటాలంటే ఆమెను దాటే పోవాలి. కుముదిని వెనక్కి తిరగలేదు, ఎడమ పైటతోనే ఎదురుగా నిలబడింది.

వరదలక్ష్మమ్మ ఆ పైటను చాలాసేపు చూసింది. ఆ తరవాత, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు నెమ్మదిగా మొదలుపెట్టింది.

"నా మొగుడు, పోయిన మీ మామ, ఆయన చెయ్యి పడని చోటు లేదే నా ఒంట్లో. ఊరంతా దేవుడనింది ఆయన్ని. నేనూ అట్టనే అంటిని. కుడి పైట మన ఆచారమని అందరికీ గొప్పగా చెప్పుకున్నా... నాకు దాని అక్కర వేరే. భుజం నిండా కప్పుకుంటే ఎవురికీ ఏమీ కనపడదు. అన్ని దెబ్బలు తింటినా, పగిలింది నేనొకదాన్నే. నువ్వు పో. నీ దెబ్బకి ఇంకేదన్నా పగలనీ."

కుముదిని అత్త ఒళ్ళో తల పెట్టుకుని భోరున ఏడ్చేసింది. భాష్యం గోడ పట్టుకుని నిలబడిపోయాడు. అతను చిన్నతనంలో విన్నవీ, విననట్టు దాచుకున్నవీ ఎన్ని గుర్తొచ్చాయో అతనికే తెలియాలి. ముందుగా తేరుకుంది వరదలక్ష్మమ్మే. కోడలిని లేవదీసి, జారిపోతున్న కొంగును సరిచేసి, కుచ్చి నడుములో గట్టిగా దోపింది. ఎడమకు వేసుకోవడమే సరిగ్గా రాదుగానీ తుపాకి కాలుస్తుందట అని సణిగింది. సణుగుతూనే తనూ చెప్పులు వేసుకుంది.

పల్లావరంలో ఆడవాళ్ళు ఈ అత్తాకోడళ్ళు కాక ఇద్దరో ముగ్గురో, అదీ నీడన కుర్చీల్లో కూర్చున్న ఆఫీసర్ల భార్యలు. ఆమె వంతు వచ్చింది. మొదటి పిట్ట లేచింది, పోయింది. మగవాళ్ళలో ఎవరో నవ్వారు. రెండోదీ పోయింది. ఈసారి నవ్వు పెద్దదైంది. వరదలక్ష్మమ్మ కుర్చీలోంచి లేచింది.

"ఇంకొకటి ఎయ్యమనప్పా," అంది తమ్ముడితో. "మా పిల్ల దాని కోసమే వచ్చింది గదా."

కుముదిని వెనక్కి తిరిగి చూడలేదు. మడమ భుజం గూట్లో బిగువుగా కూర్చుంది. చెంప కట్టెకు ఆనింది. ఆమె వేసిన కేక గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. లేచిన పిట్ట అంత ఎత్తున ముక్కలు ముక్కలైంది!

వరదలక్ష్మమ్మ ఆ ముక్కలు రాలి గడ్డిలో పడేదాకా చూసింది. పక్కనున్న ఆఫీసరు భార్య ఏమీ అడగలేదు. అయినా ఆమె వైపు తిరిగి, అక్కడున్న అందరికీ వినబడేటట్టు చెప్పింది.

"అది నా కోడలు."