అంటని దురద

"ఇంక నువ్వు వంటింట్లోకి రావద్దమ్మా! నీ కంచం, చెంబు వరండాలో పెట్టినాను. అదేం రోగమో ఏమో... ఇంట్లో అందరికీ అంటుకుంటే?"

అత్త మంజులమ్మ మాటలకు అలివేలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఎనిమిదో నెల కడుపు! పది రోజులుగా అరచేతుల్లో, అరికాళ్ళలో ఒకటే దురద... ఒంటి మీద ఒక్క దద్దురు లేదు, పొక్కు లేదు. గోకి గోకి చర్మం చిట్లిపోతోంది. కొబ్బరినూనె రాసుకుంది, వేపాకు నీళ్ళు పోసుకుంది... ఏదీ పనిచేయలేదు.

మూకండపల్లి ఫ్యాక్టరీలో పనిచేసే భర్త నరేష్ కూడా, "కొన్నాళ్ళు అమ్మ చెప్పినట్టు విను" అంటూ చాప తీసుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు! చెప్పుకోవడానికి కన్నతల్లి లేదు. ఈ హోసూరు పక్క ఇరుగుపొరుగు మాట్లాడే తమిళం తనకు రాదు. వరండాలో ఒంటరిగా అన్నం కలుపుకుంటుంటే కడుపులో బిడ్డ కదిలింది. "ఈ ఇంట్లో నన్ను తాకేది నువ్వొక్కటే కదా కన్నా..." అంటూ కళ్ళు తుడుచుకుంది.

ఆ వారం నెలవారీ పరీక్షకు హోసూరు ఆసుపత్రికి వెళ్ళారు. బస్సులో మంజులమ్మ వేరే సీటులో కూర్చుంది. అలివేలు అరచేతులు చూడగానే డాక్టరమ్మ ముఖం మారిపోయింది. వెంటనే రక్తపరీక్ష చేయించి, రిపోర్టు వచ్చాక ఇద్దరినీ లోపలికి పిలిచింది.

"ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు?"

"అంటురోగమన్నారు డాక్టరమ్మా... సిగ్గుపడి చెప్పలే..."

"అంటురోగమా! ఇది కాలేయం వల్ల వచ్చే దురద. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది. ఎవరికీ అంటదు. కానీ అశ్రద్ధ చేస్తే కడుపులోనే బిడ్డ ప్రాణం పోవచ్చు! మందులిస్తాను, వారం వారం రావాలి. ముప్పై ఏడో వారంలో కాన్పు చేసేద్దాం."

బయటికి రాగానే మంజులమ్మ బెంచీ మీద కూలబడింది.

"నాకూ ఇట్లే వచ్చింది అలివేలూ... తొలికాన్పులో! మా అత్త నన్ను పశువుల కొట్టంలో పండబెట్టింది. తొమ్మిదో నెలలో ఒక పొద్దున బిడ్డ కదల్లేదు... నా పాపమే అనుకున్నాను. ముప్పై ఏండ్లు ఎవరికీ చెప్పలే! నీ చేతులు చూసినప్పుడు ఆ పాడురోగమే మళ్ళీ వచ్చిందని భయపడినాను. నాకు చేసిందే నీకూ చేసినాను కదమ్మా!"

అలివేలు చీటీ తీసుకుని మందుల కిటికీ వైపు ఒక్కతే నడిచింది.

చెప్పిన వారంలోనే కాన్పు జరిగింది. ఆడపిల్ల! గట్టిగా ఏడ్చింది. మూడో రోజుకు దురద తగ్గుముఖం పట్టింది. నరేష్ తలవంచుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. అలివేలు అతని వైపు చూడలేదు.

మంజులమ్మ మనవరాలిని ఎత్తుకుని మంచం పక్కన నిలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

"నా బిడ్డ మొగం కూడా నాకు చూపియ్యలే అలివేలూ..."

ఇంతకాలం ఆమె ఎంత ఒంటరిగా ఏడ్చి ఉంటుందో! అలివేలు నొప్పిని ఓర్చుకుంటూ మెల్లగా గోడవైపు జరిగింది.

"కూర్చో అత్తా... నా పక్కనే కూర్చో."